తోక సంగతేమైంది?

అమ్మాయీ,

కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇంతే, ఎందుకంటే మూడో పేరా దగ్గర ఒళ్ళు మండింది. "రైబోజోమ్ అనే కార్ఖానాలో ప్రోటీన్లు దూలాలు, ఆర్‌ఎన్‌ఏ వాటిమీద కప్పిన తాటాకు" అన్నావు. తలకిందులుగా రాశావు! 2000లో ఒక మృతసముద్రపు సూక్ష్మజీవి రైబోజోమ్‌లోని రెండు ఉపభాగాల్లో పెద్దదాన్ని అణువులు తెలిసేంత స్పష్టంగా చూశారు. అమైనో ఆమ్లాలను ప్రోటీన్‌గా గుచ్చే పెప్టైడ్ బంధం పడే చోట, చుట్టూ 18 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మీటరులో వెయ్యికోట్లో వంతు) మేర ప్రోటీన్ జాడే లేదు. అక్కడ పనిచేసేది ఆర్‌ఎన్‌ఏ.

పోలిక తట్టగానే రాసేస్తే ఇలాగే అవుతుంది. ఏది దేన్ని పట్టుకుంటోందో ముందు చూడు, ఆ పట్టుకోవడం రాయి. డొమైన్ అంటే ప్రోటీన్‌లో సొంతంగా మడతపడి ఆకారం నిలుపుకునే ముక్క. నువ్వేమో ఆర్‌ఎన్‌ఏను పట్టే కేహెచ్ డొమైన్, ఎస్1 డొమైన్ అంటూ రేషన్ కార్డులో పేర్లలా వరస పెట్టావు. చాలా రైబోజోమ్ ప్రోటీన్లకు ఉండలాంటి డొమైన్ పైన ఉంటే, పొడుగాటి తోక ఆర్‌ఎన్‌ఏ మడతల్లోకి దూరి ఉంటుంది. రుణావేశంతో ఒకదాన్నొకటి తోసుకునే ఆ మడతలను లైసిన్, ఆర్జినిన్ అనే ధనావేశపు అమైనో ఆమ్లాలు నిండిన తోకే దగ్గర చేస్తుంది. విడిగా తీస్తే దానికి ఆకారమే నిలవదు. డొమైన్ కాదు కదా అని దాన్ని వదిలేశావు!

1968లో నొమురా అనే శాస్త్రవేత్త బృందం బాక్టీరియా రైబోజోమ్‌లోని చిన్న ఉపభాగాన్ని, అంటే 30ఎస్‌ను, ఆర్‌ఎన్‌ఏగా, ప్రోటీన్లుగా విడదీసి, మళ్ళీ కలిపి పనిచేయించింది. ఎస్4 లాంటి ప్రోటీన్లు ముందు ఆర్‌ఎన్‌ఏకు అంటుకోవాలి, కొన్ని ఆ తర్వాతే రాగలవు. చల్లగా ఉంటే కూర్పు సగంలో ఆగుతుంది, 40 డిగ్రీల దాకా వేడిచేస్తే పూర్తవుతుంది. ఆ వేడి మీద నేనొక పేజీ రాస్తే, వారపత్రిక ఎడిటర్‌గారు కొట్టేశారు. ప్రోటీన్ అన్నచోటల్లా మాంసకృత్తులని దిద్ది, పైన "కణంలో కార్ఖానా" అని పెట్టారు. మా అమ్మ చదివి, "ఇందులో కందిపప్పు సంగతేదిరా?" అంది. ఆ మంట ఇంకా ఆరలేదు.

బాక్టీరియా కణంలో ఆ కూర్పుకు ఎరా, ఆర్‌బీఎఫ్‌ఏ లాంటి వేరే ప్రోటీన్లు సాయపడతాయి. ఎరాలో జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువును విడగొట్టే డొమైన్ ఒకటి, ఆర్‌ఎన్‌ఏను పట్టే కేహెచ్ డొమైన్ ఒకటి. పనయ్యాక రైబోజోమ్‌లో ఉండిపోవు, పెళ్ళి వంటవాళ్ళలా... చూశావా, నాకూ ఈ జబ్బు పోలేదు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు తోక పేరా రాసి పంపు, దూలాలూ వంటవాళ్ళూ లేకుండా.