పన్నుల ఇనిషియేటివ్‌ని ఎదిరించబోతున్న అమ్మడికి

అమ్మడూ,

పన్నులకీ ప్రభుత్వ ఖర్చుకీ పరిమితి పెట్టే ఇనిషియేటివ్ (జనమే సంతకాలు పోగుచేసి ఓటుకి పెట్టే చట్టం) మళ్ళీ వస్తే దానికి వ్యతిరేకంగా పనిచేస్తానన్నావు, చాలా సంతోషం. సియాటిల్ చుట్టుపక్కల ఇలాంటి వాటి కోసం ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అన్నిటికంటే ముందు, పన్నులు మంచివని ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకు. మన వాషింగ్టన్ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదని అందరూ మురిసిపోతారు గానీ సియాటిల్‌లో చాలా వస్తువుల మీద సేల్స్ టాక్స్ 10 శాతం దాటుతుంది, దాని దెబ్బ తక్కువ జీతం వాళ్ళకే ఎక్కువ తగులుతుంది. "ఇప్పటికే చచ్చేంత కడుతున్నాం" అని ఎవరైనా అంటే అది నిజమే, ఒప్పుకో. "గవర్నమెంట్ దుబారా చేస్తోంది" అన్నా వాదించొద్దు, ఒక్కటే అడుగు: ఈ ఇనిషియేటివ్‌లో ఏ దుబారా ఆపాలో ఎక్కడైనా రాసుందా అని. రాసుండదు, ఉండేది ఒక అంకె మాత్రమే. దేన్ని కొయ్యాలో తర్వాత ఎవరో తేలుస్తారు, అప్పుడు మాట్లాడే బలం లేనివాళ్ళ పద్దే ముందు పోతుంది.

కొలరాడో సంగతి బాగా చదువుకో, ఎందుకంటే అందరూ చూపించే నమూనా అదే. అక్కడ 1992లో ఓటర్లు టేబర్ (పన్ను కట్టేవాళ్ళ హక్కుల పత్రం) అనే సవరణని తమ రాష్ట్ర రాజ్యాంగంలో పెట్టుకున్నారు. రాష్ట్ర ఆదాయం జనాభా పెరుగుదల, ద్రవ్యోల్బణం కలిపినంతే పెరగాలి, మిగిలింది జనానికి తిరిగిచ్చెయ్యాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ వైద్యం ఖర్చు, ముసలివాళ్ళ సంరక్షణ ఖర్చు ఆ లెక్క ప్రకారం నడవవు, మామూలు ధరల కంటే వేగంగా పెరుగుతాయి. ఇంకా ఘోరం ఏంటంటే, మాంద్యం వచ్చి ఆదాయం పడిపోయిన ఏడాది, ఆ పడిపోయిన అంకె నుంచే మరుసటి ఏడాది పరిమితి లెక్కపెట్టేవాళ్ళు, మంచిరోజులు వచ్చినా పాత స్థాయికి చేరే దారి లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చివరికి 2005లో కొలరాడో ఓటర్లే ఆ పరిమితికి అయిదేళ్ళు విరామం ఇచ్చారు, ఆ వెనక్కి లాగే లెక్కనీ తీసేశారు. అదే సూత్రం 2009లో ఇనిషియేటివ్ 1033గా మన దగ్గరికి వచ్చింది, అదీ జనం ఉద్యోగాలు పోయి అల్లాడుతున్న ఏడాది. అయినా దాదాపు 58 శాతం మంది వద్దన్నారు. కాబట్టి కష్టకాలంలో గెలవలేమని ఎవరన్నా చెప్తే నమ్మకు.

అయితే 2019 కూడా గుర్తుపెట్టుకో. కార్ ట్యాబ్స్ (కారు రిజిస్ట్రేషన్‌కి ఏటా కట్టే ఫీజు, అందులో కొంత బస్సులకి పోతుంది) 30 డాలర్లే అన్న ఇనిషియేటివ్ 976 గెలిచింది, ఏడాది తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు కాపాడుతుందిలే అని కూర్చోవడం ప్రచారం కాదు. జనానికి 30 అనే అంకె నోట్లో పడింది, మనవాళ్ళు దానికి జవాబుగా బస్సుల నిధుల మీద పేజీలకి పేజీలు రాశారు. నువ్వు అలా కాదు, నీ స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్ డౌన్‌లోడ్ చేసుకుని, రాష్ట్రం నుంచి ఎంతొస్తుందో ఆ లైన్ పట్టుకో, బోర్డు మీటింగ్‌లో కూర్చో. మీ పక్కింటి పిల్లాడి స్పీచ్ థెరపీ ఏ పద్దులో ఉందో చెప్పగలిగితే ఎదుటివాళ్ళు ఆగి వింటారు.

మన తెలుగువాళ్ళ దగ్గర ఇంకో గొడవ ఉంటుంది, స్టాక్స్. 2024లో క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ (షేర్లలాంటివి అమ్మిన లాభం మీద పన్ను) తీసేయాలన్న ఇనిషియేటివ్ 2109 వచ్చినప్పుడు సియాటిల్ పక్కనున్న బెల్వ్యూ, రెడ్మండ్, సమామిష్‌లలో అందరికీ టెన్షనే, ఈ పన్ను మా ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) మీద పడుతుందని. ఓపిగ్గా విడమర్చి చెప్పాలి: షేర్లు వెస్ట్ అయినప్పుడు, అంటే మన సొంతమైనప్పుడు, వచ్చేది జీతం కిందే లెక్క, దానికీ ఈ పన్నుకీ సంబంధం లేదు. అమ్మినప్పుడు వచ్చిన లాభం 2024లో 2,70,000 డాలర్లు దాటితే దాటినదాని మీదే 7 శాతం ఉండేది. ఇల్లు అమ్మితే లేదు, 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మీద లేదు. ఆ డబ్బు వెళ్ళేది చదువులకీ, పసిపిల్లల సంరక్షణకీ, బడి భవనాలకీ. బ్యాలెట్ మీదే, ఇది పాసైతే వాటికి నిధులు తగ్గుతాయని ఒక్క వాక్యంలో అచ్చయి ఉంది, 2022లో చేసిన చట్టం పుణ్యమా అని. దాదాపు 64 శాతం మంది వద్దన్నారు. ఆ ఒక్క వాక్యం చాలా పని చేసిందని నా గట్టి నమ్మకం, అందుకే ఈసారి కూడా బ్యాలెట్ నమూనా రాగానే ఆ వాక్యాన్ని కాగితం మీద పెద్దక్షరాల్లో వేసుకుని వెళ్ళు.

ఓటు సిటిజన్లకే. హెచ్1బి, గ్రీన్‌కార్డు వాళ్ళని పొరపాటున కూడా రిజిస్టర్ చేయించకు, వాళ్ళకే ప్రమాదం. బ్యాలెట్లు ఎన్నికకి 18 రోజుల ముందు పోస్టులో బయల్దేరతాయి, ఆ తర్వాత కొత్త ఇళ్ళ కంటే, అప్పటికే ఒప్పుకున్నవాళ్ళని మళ్ళీ పలకరించడం ముఖ్యం. కవరు మీద సంతకం రికార్డులో ఉన్నదానితో కలవకపోతే ఓటు పక్కన పెట్టేస్తారు. మన పెద్దవాళ్ళలో ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో సంతకం పెట్టేవాళ్ళు ఉంటారు. కౌంటీ నుంచి ఉత్తరం వస్తే పారేయొద్దని, ఫలితాలు ఖరారయ్యేలోపు సరిదిద్దుకోవచ్చని ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి చెప్పు. ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో ఆ లిస్టు ఇప్పటినుంచే రాయడం మొదలుపెట్టు.

మీ పెద్దమ్మ