మీ ఫోన్‌లో ఎంతమంది సమ్మయ్యలు?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి హనుమకొండలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ ఉద్యోగం వద్దు, డబ్బులు పంపుకునే యాప్‌లకు డిజైన్ చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. బటన్లకు రంగులు వేసినందుకు కూడా జీతాలిస్తారా? పోయిన మిర్చి సీజన్‌లో ఒక రైతుకు పంపిన రూ.8,000 అదే పేరున్న మరొకరికి వెళ్లిపోయాయి. అలాంటి యాప్‌లను నమ్ముకుని పిల్ల భవిష్యత్తును ఎలా వదిలేయమంటారు?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: రంగుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఎనిమిది వేల దగ్గర ఆగుదాం. మీ అమ్మాయి చేస్తానంటున్న పని అక్కడే ఉంది.

రైతు పేరు మీరు రాయలేదు. సమ్మయ్యో, సారయ్యో, కొమురయ్యో అయి ఉంటాడని నా ఊహ. మేడారం తల్లుల పేరు, కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టుకున్న ఇళ్లు మన వైపు ఎన్ని! మార్కెట్‌లో పనిచేసే వాళ్ల ఫోన్‌లో సమ్మయ్యలే అరడజను మంది ఉంటారు. పంపే ముందు బ్యాంకు ఖాతాలో ఉన్న పేరునే చూపాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ యాప్‌లకు పెట్టిన నిబంధన 2025 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ మీ ఫోన్‌లో ‘మిర్చి సమ్మయ్య’గా ఉన్న మనిషి బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరూ రెండు ఇంగ్లిష్ అక్షరాలూ అయి ఉంటాడు. ఒక్కోసారి ఖాతా భార్య పేరు మీదో, కొడుకు పేరు మీదో ఉంటుంది. తెరపై పేరు కనిపిస్తుంది, మీరు చూస్తారు కూడా, అయినా అతనేనా కాదా అన్నది తేలదు. వెనుక మరో పది మంది రైతులు నిలబడి ఉంటే మీరు ‘సరే’ నొక్కేస్తారు. ఆ తప్పును నేను పూర్తిగా మీ ఖాతాలో వేయను.

ఆ తెరను గీసిన డిజైనర్ అక్కడ ఏం చేయగలిగేవారు? ‘ఈ నంబరుకు ఇదివరకు మీరు ఎప్పుడూ పంపలేదు’ అని పెద్ద అక్షరాల్లో చెప్పవచ్చు. అదే పేరుతో మీరు తరచూ పంపే మరో మనిషి ఉన్నాడని గుర్తు చేయవచ్చు. రూ.8,000 కింద ‘ఎనిమిది వేలు’ అని తెలుగులో రాయవచ్చు, ఒక సున్నా ఎక్కువ పడితే అక్షరాల్లో చదివినప్పుడే దొరుకుతుంది. ముందు రూపాయి పంపి, రైతు అందిందని చెప్పాక మిగతాది పంపే వీలు అక్కడే పెట్టవచ్చు. ఇందులో ఏది పెట్టాలి, ఏది విసుగు తెప్పిస్తుంది, రోజుకు నలభై మందికి పంపే గుమాస్తాకు ఎలా ఉండాలి, నెలకోసారి కొడుక్కి పంపే తల్లికి ఎలా ఉండాలి అని తేల్చడమే ఆ ఉద్యోగం. దానికి జీతాలిస్తారు. పెద్ద కంపెనీల్లో దీనికి ప్రత్యేక బృందాలే ఉంటాయి.

అమ్మాయికి ఒక మాట. ఏ యాప్ అయినా పని జరిగినంతసేపు బాగానే కనిపిస్తుంది. పచ్చటి టిక్కు గుర్తు ఎవరైనా గీస్తారు. నువ్వు చూడాల్సింది ‘పెండింగ్’ అని ఆగిపోయిన తెరను. మేడారం జాతరలో సిగ్నల్ చచ్చిపోయిన చోట ఒకాయన బెల్లం కొన్నాడనుకో. అతని ఖాతాలో డబ్బు తగ్గింది, దుకాణదారు ఫోన్ మోగలేదు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. ఆ నిమిషంలో తెర ఏం చెప్పాలి? డబ్బు ఇప్పుడు ఎక్కడ ఉంది, మళ్లీ పంపవచ్చా, తిరిగి ఎప్పుడు వస్తుంది. ఈ మూడింటికీ జవాబు ఉండాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే గడువు పెట్టింది: మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ సొమ్ము అవతలి ఖాతాలో జమ కాకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం. ఇంత మంచి నిబంధన తెర మీదికి రాకపోతే వేలు వణుకుతున్న మనిషికి అది ఉన్నా లేనట్టే.

భాష గురించి కూడా చెప్పాలి, ఇది నాకు కాస్త కోపం తెప్పించే విషయం. ‘లబ్ధిదారుని జోడించండి’ అని కొన్నిచోట్ల రాస్తారు. మన ఊళ్లలో లబ్ధిదారు అంటే ప్రభుత్వ పథకం వచ్చినవాడు. కొడుక్కి డబ్బు పంపబోయిన ముసలాయనకు ఆ మాట చూస్తే పింఛను గుర్తొస్తుంది. ‘ఎవరికి పంపాలి?’ అని రాస్తే సరిపోయేది. తెలుగులో ఆలోచించి ఇలాంటి మాటలు రాయగలిగే వాళ్లు ఈ రంగంలో తక్కువని నా అభిప్రాయం. ఇంగ్లిష్‌లో అందరితో పోటీ పడే అమ్మాయికి ఇదొక ప్రత్యేకత అవుతుంది.

ఇక, అన్నీ వేగంగా జరగడమే మంచి డిజైన్ అని కోర్సుల్లో నేర్పితే నమ్మవద్దు. డబ్బు వచ్చేందుకు పిన్ కొట్టమని మోసగాళ్లు ఎంతమందిని ముంచారో మనకు తెలుసు. పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు. చివరికి వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే ‘కలెక్ట్’ సదుపాయాన్నే 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది. సౌకర్యంగా ఉన్న దాన్ని తీసేయడం కూడా డిజైన్‌లో భాగమే.

తండ్రిగారూ, లక్షన్నర ఇప్పుడే కట్టకండి. అలాంటి కోర్సులన్నీ మోసమని నేను అనను. కానీ అవి ఎక్కువగా నేర్పేది పనిముట్టును. ఫిగ్మా అనే ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ విద్యార్థులకు ఉచితంగా దొరుకుతుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగేది ‘నువ్వు ఏ సమస్యను పట్టుకున్నావు, ఎవరితో మాట్లాడావు, ఏది తప్పని తేలి మార్చుకున్నావు’ అని. అందుకు మీ మార్కెట్ కన్నా మంచి పాఠశాల నాకు తెలియదు. సెలవుల్లో నాలుగైదు ఉదయాలు మీ వెంట తీసుకెళ్లండి. ఎవరు ఫోన్ పక్కవాడికి ఇచ్చి పంపించుకుంటున్నారు, ఎవరు డబ్బు వచ్చిందని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్ముతున్నారు, ఎవరు తమ ఖాతా చూసుకున్నాకే కదులుతున్నారు, ఇవన్నీ రాసుకోమనండి. మీరు రైతుకిచ్చే తక్‌పట్టీని కూడా శ్రద్ధగా చూడమనండి: తూకం, ధర, హమాలీ కోత, చేతికొచ్చేది, అన్నీ ఒక్క కాగితం మీద. ఎన్ని యాప్‌ల రసీదుల్లో అంత స్పష్టత ఉంది? ఒక్క షరతు. ఎవరి పిన్ వైపూ చూడకూడదు, అడగకుండా ఎవరి తెరనూ ఫొటో తీయకూడదు. నమ్మకం గురించి పనిచేయబోయే పిల్ల అక్కడే తప్పటడుగు వేస్తే ఎలా?

పై చదువు కావాలంటే డిజైన్‌లో పీజీ ప్రవేశాలకు సీడ్ పరీక్ష ఉంది. ఐఐటీ బాంబే ఏటా జనవరిలో నిర్వహిస్తుంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు, వయసు పరిమితి లేదు. ఆ ర్యాంకుతో ఐఐటీ బాంబే, గువాహటి, మనకు దగ్గరలో సంగారెడ్డి జిల్లా కంది వద్ద ఉన్న ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల ఎండిజైన్‌కు దరఖాస్తు చేయవచ్చు. బొమ్మలు గీయడంతో పాటు పరిశీలన, తర్కం కూడా చూస్తారు కాబట్టి ఏడాది ముందే సాధన మొదలుపెట్టాలి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్లకు డిజైన్ డిగ్రీ ప్రవేశాలకు ఇదే సంస్థ పెట్టే యూసీడ్ ఉంది, ఏ గ్రూపు వాళ్లయినా రాయవచ్చు.

మీ భయంలో నిజం లేకపోలేదు. కొత్తవాళ్లకు డిజైన్‌లో దొరికే ఖాళీలు కోడింగ్‌తో పోలిస్తే తక్కువ. పైగా అందంగా కనిపించే తెరలను ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో తయారు చేస్తోంది. రంగులు వేయడం మాత్రమే తెలిసినవాళ్లకు కష్టకాలమే. అందుకే కోడింగ్ వదలవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. లావాదేవీ ఏ బ్యాంకు దగ్గర ఎందుకు ఆగిందో అర్థం చేసుకోగలిగిన డిజైనర్ మాటకు ఇంజినీర్ల దగ్గర విలువ ఉంటుంది. క్యాంపస్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే కాదనకుండా చేరి, అక్కడి నుంచి మారడం కూడా నాకు సమ్మతమే.

మీ రూ.8,000 తిరిగి వచ్చాయో లేదో రాయలేదు. రాకపోతే ముందు యాప్‌లో, తర్వాత బ్యాంకులో ఫిర్యాదు నమోదు చేయండి. పొరపాటున మనమే పంపిన సొమ్మును అవతలి వ్యక్తి ఒప్పుకోకుండా బ్యాంకు వెనక్కి లాగలేదు, కాబట్టి లిఖితపూర్వకంగా అడగండి. ముప్పై రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 1930 నంబరు సైబర్ మోసాలకు, ఈ పొరపాటుకు కాదు. ఫిర్యాదు చేసేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడ నొక్కాలో తెలియక మీరు ఆగిన ప్రతిసారీ ఆమెను ఒక గీత గీయమనండి. ఎన్ని గీతలయ్యాయో నాకు రాయండి.