పెన్న కోత, పెన్న మేట

ప్రశ్న: గండికోటలో పెన్న రెండు రాతి గోడల నడుమ ఇరుక్కుని పారుతుంది. మా ఊరు వచ్చేసరికి వెడల్పాటి ఇసుక మేట. ఒకే ఏరు రెండు రకాలుగా ఎందుకుంది? ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండని నీరు అంత కొండను కోసిందంటే నమ్మాలా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఎండాకాలపు నీటిని లెక్కలోకి తీసుకోకండి. అది ఏ రాయినీ కోయలేదు. కోత అంతా వరద రోజుల్లోనే. అప్పుడు కూడా నీటికి పళ్లు ఇసుకా, గులకరాళ్లే.

బడిపిల్లలను అక్కడికి తీసుకువెళ్లినప్పుడల్లా ఏటి ఒడ్డున ఒక గులకరాయి ఏరి చేతికిచ్చేవాణ్ణి. కోడిగుడ్డులా నున్నగా ఉండేది. "దీని మూలలేమయ్యాయి?" అని అడిగితే, "ఏరు తినేసింది సార్" అంది ఒక పిల్ల. ఆ మూలలు అరిగేటప్పుడు కింది బండ కూడా అరిగిందని చెప్పడమొక్కటే నాకు మిగిలింది.

గండికోట రాయి క్వార్ట్‌జైట్. ఒకనాటి ఇసుకే గట్టిపడి రాయైంది. ఇసుకను ఇసుకే కోస్తోందన్నమాట! ఈ రాయి అంత సులువుగా అరగదు గానీ, దీనికి నిట్టనిలువు పగుళ్లు ఎక్కువ. కింద ఆధారం పోగానే దిమ్మెలుగా విరిగి పడుతుంది. కోట అంచున నిలబడి ఎదుటి గట్టు చూడండి, మేస్త్రీ పేర్చినట్టుంటుంది. లోయ వాలుగా విచ్చుకోకుండా గోడలా నిలిచింది అందుకే. ఊరి పేరులోని గండి ఇదే.

ఎర్రమల కొండలు దాటాక ఏటికి నాపరాయి, అంతకన్నా మెత్తని రాళ్లు తగులుతాయి. ఒడ్లు కోసుకుపోతాయి, వాలు తగ్గుతుంది, నీరు పరచుకుంటుంది. నడక మందగించిన నీరు బరువు మోయలేదు. ముందు రాళ్లు, ఆ తర్వాత ఇసుక దించేసి, సన్నని ఒండ్రును మాత్రం నెల్లూరు వైపు మోసుకుపోతుంది. మీ మేట అలా పడిందే.

అయితే ఒక చిక్కుంది. మీకు ఎగువన మైలవరం ఆనకట్ట, దానికీ ఎగువన గండికోట జలాశయం ఉన్నాయి. నిలిచిన నీటిలో ఇసుక అడుక్కి దిగిపోతుంది. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర జలాశయం పూడికతో 105 దగ్గరకు వచ్చింది. అనంతపురం కాలువ రైతులను అడగండి, ఈ లెక్క వాళ్లకు కంఠతా వచ్చు. కాబట్టి మీ ఏట్లో ట్రాక్టర్లకెత్తుతున్నది చాలావరకు పాత మేటే. తవ్వినంత వేగంగా పైనుంచి కొత్తది రాదు.