మే నెల మధ్యాహ్నానికి లెక్క వెయ్యి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం నడిచే హైడ్రోజన్ బస్సుకి ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే యంత్రం) ఎంత సైజుది, బ్యాటరీ ఎంత సైజుది పెట్టాలని అడిగావు. కేటలాగులు తర్వాత తిరగేద్దువుగాని. ముందు ఆ రూట్లో తిరుగుతున్న డీజిల్ బస్సులో లాగర్ పెట్టి సెకనుకోసారి వేగం రికార్డు చెయ్యి. మే నెలలో ఒక వారం, సంక్రాంతి రద్దీలో ఒక వారం చాలు. మన కాలవగట్టు మలుపులు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు పైదేశాల డ్రైవింగ్ సైకిల్లో (పరీక్షలకి వాడే ప్రామాణిక వేగాల పట్టికలో) దొరకవు.

సగటు లోడు ఫ్యూయల్ సెల్ మొయ్యాలి, పీకులు బ్యాటరీ మొయ్యాలి. 16 టన్నుల బస్సు గంటకి 36 కిలోమీటర్ల వేగం దగ్గర 0.8 మీటర్ల త్వరణం (సెకనుకి సెకనుకి) అందుకోవాలంటే చక్రాల దగ్గరే దాదాపు 145 కిలోవాట్లు కావాలి. మోటారు నష్టాలు, ఏసీ కలిపితే 170 దాటుతుంది. అదే బస్సు గంటకి 50 కిలోమీటర్లలో నిలకడగా పోతుంటే ఏసీతో సహా 45 కిలోవాట్ల లోపే. డెల్టా నేల బల్లపరుపు కాబట్టి 60 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్, 40 కిలోవాట్ అవర్ల ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీతో లెక్క మొదలుపెట్టు. మారేడుమిల్లి ఘాట్‌కి ఈ సైజులు పనికిరావు, కొండ సగంలోనే బ్యాటరీ అడుగంటుతుంది.

కిలో హైడ్రోజన్‌లో 33.3 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉంటుంది, చేతికొచ్చేది అందులో సగం. కిలోమీటరుకి 1.4 యూనిట్లు వేసుకుంటే రోజుకి 200 కిలోమీటర్లకి 17 కిలోలు. ట్యాంకు 24 కిలోలది పెట్టు; 350 బార్ల దగ్గర అది సుమారు వెయ్యి లీటర్ల చోటు తింటుంది.

అసలు చిక్కు వేడితో. 60 కిలోవాట్ల కరెంటు తీస్తే ఇంచుమించు అంతే వేడి బయటికి పోవాలి. కూలెంట్ (ఫ్యూయల్ సెల్‌ని చల్లబరిచే ద్రవం) 70 డిగ్రీలు, బయట 42. మధ్యలో ఉన్న తేడా 28 మాత్రమే. డీజిల్ ఇంజనుకి కూలెంట్ 90లో ఉంటుంది, పైగా వేడిలో చాలాభాగం సైలెన్సరు గుండా పోతుంది. అందుకే రేడియేటర్ పెద్దది కావాలి, దాని ఫ్యాన్లు తినే కరెంటు కూడా లెక్కలోకి రావాలి. కోతలప్పుడు వరిపొట్టు, రాత్రిళ్లు దీపాలకి మూగే పురుగులు ఫిన్నుల మధ్య ఇరుక్కుంటాయి. వారానికోసారి వెనక నుంచి గాలి కొట్టించు. ఈ ఒక్కటీ వదిలేస్తే స్టాక్ (ఫ్యూయల్ సెల్‌లో కరెంటు పుట్టే భాగం) తనంతట తనే పవర్ తగ్గించుకుంటుంది, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. నువ్వేమో బ్యాటరీ చిన్నదైందని పెద్దది కొంటావు!

కంట్రోల్లో బ్యాటరీ చార్జిని 40 నుంచి 70 శాతం మధ్య ఉంచు, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటుకి చోటుండాలి. స్టాక్ లోడుని సెకనుకి 3 కిలోవాట్లకి మించి పెంచకు. బస్టాండులో ఆగినా స్టాక్‌ని 12 కిలోవాట్ల దగ్గర నడవనియ్యి, అది ఏసీకి సరిపోతుంది. మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేసినా, లోడు లేకుండా ఎక్కువ వోల్టేజీలో వదిలేసినా స్టాక్ లోపలి ప్లాటినం పొర పాడవుతుంది.

తర్వాత 45, 60, 75 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌లని 30, 40, 60 యూనిట్ల బ్యాటరీలతో జతకట్టి తొమ్మిది జతలూ కంప్యూటర్లో సిమ్యులేట్ చెయ్యి. ప్రతి జతకీ కంట్రోల్ మళ్లీ ట్యూన్ చెయ్యాలి, లేకపోతే పోలిక చెల్లదు. బ్యాటరీలో మొదట్లో ఉన్న చార్జే చివర్లోనూ ఉండాలి. 40 యూనిట్ల బ్యాటరీ 20 శాతం తగ్గిందంటే అర కిలో హైడ్రోజన్ ఖర్చుని లెక్కలో దాచిపెట్టినట్టే.

గాలి ఫిల్టర్‌కి బొగ్గు పొర తప్పనిసరి. చెరువుల దగ్గర అమ్మోనియా, సముద్రం వైపు ఉప్పు గాలి రెండూ మెంబ్రేన్‌కి (స్టాక్ లోపలి పల్చటి పొరకి) చేటు. కూలెంట్ కండక్టివిటీ (కరెంటు ఎంత పారనిస్తుందో) నెలనెలా చూడు, సెంటీమీటరుకి 5 మైక్రోసీమెన్లు దాటితే అయాన్ ఫిల్టర్ మార్చెయ్యి.