పగిలిన రంగూన్ అద్దం కోసం ఆర్‌డీ మూసేయాలా?

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్లమ్మ రంగూన్ నుంచి ఓడలో తెచ్చుకున్న చిన్న టేకు ఫ్రేము అద్దం ఈమధ్య జారిపడి పగిలింది. ఫ్రేముకి ఏమీ కాలేదు. అద్దాల షాపులో కొత్త అద్దం వేయడానికి 600 అడిగారు. పాత సామాను బాగుచేసే ఆయన అంచు చెక్కిన అద్దం, పాలిష్ అన్నీ కలిపి 9,000 అన్నాడు. ఇంకొకాయన ఉన్నదున్నట్టు 5,000కి కొంటానంటున్నాడు. పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున 40 నెలలుగా కడుతున్న ఆర్‌డీ మూసేసి బాగుచేయించనా? అమెరికాలో ఉన్న చెల్లెలు తనకిమ్మంటోంది. అత్తయ్యగారేమో పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదు, పారేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు ఆర్‌డీ జోలికి వెళ్లకండమ్మా. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్‌డీని మూడేళ్లు దాటాక మధ్యలో మూసేయొచ్చు కానీ, అప్పుడు మీకొచ్చేది సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే. మీరు కట్టింది 80,000. ఆర్‌డీ వడ్డీకీ దీనికీ రెండు శాతం తేడా అనుకున్నా, ఒక్కో వాయిదా సగటున 20 నెలలు ఉందని లెక్కేస్తే సుమారు 2,700 పోతుంది. అంటే 9,000 పని మీకు 11,700 పడుతుంది.

అసలు ఆ 9,000 ఎందుకో చూద్దాం. ఇందులో అద్దానికెంత, పాలిష్‌కెంత అని విడివిడిగా రాసిమ్మనండి. ఎక్కువ భాగం పాలిష్‌దే అయి ఉంటుందని నా అనుమానం. పాత చెక్క సామాను కొనేవాళ్లు వెతికేది ఆ పాత మెరుపునే. దాన్ని గీకి కొత్త పాలిష్ వేస్తే డబ్బూ పోతుంది, విలువా తగ్గుతుంది. 9,000 పెడితే రేపు అమ్మేటప్పుడు అంతకు అంతా వస్తుందన్న భరోసా లేదు. కాబట్టి దీన్ని పెట్టుబడి ఖాతాలో వేయకండి. ఇది ముత్తవ్వ గుర్తు కోసం పెట్టే ఖర్చు. అలాంటి ఖర్చు తప్పని నేను ఎప్పుడూ అనను. అది నెల జీతంలోంచి, ఇంటి ఖర్చు కదలకుండా రావాలి, అంతే.

నా ఓటు 600 అద్దానికే. మనసుకి అంచు చెక్కిందే కావాలనిపిస్తే ఆ తేడా కట్టి చేయించుకోండి. షాపులో మాత్రం దగ్గరుండండి. పాత అద్దం ముక్క ఒకటి తీసుకెళ్లి దాని మందం కొలిపించి, అంతే మందం ఉన్నది వేయమనండి. మందం ఎక్కువైతే వెనక పలక కూర్చోదు, అప్పుడు ఫ్రేమునే చెక్కేస్తారు. కొలత కూడా గాడికి అతికినట్టు కాకుండా చుట్టూ ఒకట్రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కదా. జిగురు వాడొద్దనండి. పాత మేకులు వంగకుండా తీస్తే మళ్లీ అవే కొట్టొచ్చు.

పాత ముక్కల్ని పారేయకండి. అది అసలు అద్దమేనని చూపించడానికి అవే ఆధారం. అత్తయ్యగారి పట్టింపును కాదనక్కర్లేదు, మందపాటి కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి మీ పుట్టింట్లో దాచండి. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. ముక్క వెనక రంగు పూసి ఉంటే మామూలు వెండి పూత. రంగేమీ లేకుండా తగరం రేకులా కనిపిస్తే అందులో పాదరసం ఉండొచ్చు. 19వ శతాబ్దం చివరిదాకా అలాంటి అద్దాలు తయారయ్యాయి. దాన్ని గీకడం, వేడి చేయడం అస్సలు వద్దు.

5,000 బేరం సంగతి. అద్దం పగిలినా అంత ఇస్తానంటున్నాడంటే ఆయన చూసేది ఫ్రేమునే. అమ్మే ఆలోచన ఉంటే ఇంకో ఇద్దరికి చూపించకుండా ఒప్పుకోకండి. సొంత వాడకంలో ఉన్న ఇంటి సామాను అమ్మితే మామూలుగా మూలధన లాభాల పన్ను ఉండదు. నగలకి, కళాఖండాలకి ఆ వెసులుబాటు లేదు.

ఇక మీ చెల్లెలి విషయం. వందేళ్లు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం చెబుతోంది. మీ అద్దం వయసు ఆ గీత దగ్గరే ఉన్నట్టుంది. ఆమె సూట్‌కేసులో పెట్టుకునే ముందే, ఇది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం కోసం పురావస్తు సర్వేక్షణ సంస్థను అడగాలి. అది రాకపోతే అద్దం మీ ఇంట్లోనే ఉంటుంది, ఆమె వచ్చినప్పుడు చూసుకుంటుంది.