పని అనుభవం లేదు, రెజ్యూమె నిండేదెట్లా?

ప్రశ్న: బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో మామయ్య ఎరువుల దుకాణంలో కూర్చోవడం తప్ప ఉద్యోగం చేయలేదు. ఇంటర్న్‌షిప్ కోసం రాస్తే రెజ్యూమె సగం పేజీ కూడా నిండట్లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఆ దుకాణం పనే మీ అనుభవం. కాకపోతే ‘షాపులో సాయం చేశాను’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఎరువుల దుకాణంలో 2 నెలలు, రోజుకు 40 దాకా బిల్లులు ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాను, సాయంత్రం గల్లాపెట్టె లెక్క సరిచూశాను’ అని రాయండి. అంకెలు మాత్రం మీవే, నిజమైనవే ఉండాలి.

పైన పేరు, ఫోను, ఈమెయిల్, ఊరు చాలు. తండ్రి పేరు, మతం, కింద ‘పై వివరాలన్నీ నిజం’ అన్న ప్రమాణం బయోడేటాల నాటి అలవాటు. అడిగితే తప్ప వద్దు. చదువులో డిగ్రీ ముందు, ఇంటర్ తర్వాత. ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అనకుండా ఎక్సెల్‌లో వీ-లుకప్ (VLOOKUP, పట్టికలో కావాల్సిన వివరం వెతికి తెచ్చే ఫార్ములా), పివట్ టేబుల్ (పెద్ద పట్టికను క్లుప్తంగా లెక్కగట్టి చూపేది) వస్తే వాటి పేర్లే రాయండి. రానివి రాస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

ఒక్క పేజీ దాటొద్దు. వర్డ్ ఫైలు అవతలివాళ్ల ఫోన్‌లో చెదిరిపోవచ్చు కాబట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి. ప్రింటు తీసి స్కాన్ చేయించొద్దు; అది ఫొటో అవుతుంది, కంపెనీల సాఫ్ట్‌వేర్ అందులోని అక్షరాలు చదవలేకపోవచ్చు. ఫైలుకు ‘న్యూ ఫైనల్ 2’ కాదు, మీ పేరు పెట్టండి.