వాళ్ళకి మనమంటే ఎందుకు పడట్లేదు?

సంక్రాంతికి అమెరికా నుంచి గుంటూరు వచ్చా, బ్రాడీపేటలో మా పక్క వాటా కుర్రాడు ఆగస్టులో అక్కడికే ఎమ్మెస్‌కి వెళ్తున్నాడు, వాడు వచ్చి మొదట అడిగింది యూనివర్సిటీ గురించి కాదు, "బాబాయ్, అక్కడోళ్ళకి మనమంటే పడట్లేదంట కదా, వెళ్ళమంటావా వద్దంటావా" అని. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఈమధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి వాడికి చెప్పిందే రాస్తున్నా.

పడనివాళ్ళు ఉన్నారు నాన్నా, లేరని చెప్పను. 2017లో కాన్సాస్‌లో మన తెలుగబ్బాయిని, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చేశాడొకడు. అక్కడే ఉన్న ఒక అమెరికన్ కుర్రాడు వాణ్ణి ఆపబోయి తనూ తూటా తిన్నాడు, మనవాళ్ళు ఈ రెండోది మర్చిపోతుంటారు. ఎక్కువమంది అటూ ఇటూ కాదు, వాళ్ళ భయం ఉద్యోగం గురించి.

అక్కడ నా మొదటి ప్రాజెక్టులో ఒక పెద్దాయన, యాభై అయిదు దాటుంటాయి, ఆరు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని పనంతా నేర్పించాడు, ఏ ప్రోగ్రాం ఏ రాత్రి రన్నవుద్దో, ఫెయిలైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో నోట్‌బుక్‌లో చేత్తో రాసిచ్చాడు. ఆఖరి శుక్రవారం కాఫీ కప్పు, మనవరాలి ఫోటో అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కూర్చోబోయేది ఆయన సీట్లోనే అని అప్పుడు తెలిసింది నాకు. నన్ను ఒక్క మాట అన్లేదు. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరుంది.

మన దగ్గర లేదా ఇది? ప్రత్తిపాడు పక్కన మా ఊరికి మిరపకాయ కోతలకి ఏటా ఆదోని, పత్తికొండ వైపు నుంచి లారీల్లో ఇంటిల్లిపాదీ వస్తారు, పొలం పక్కనే పట్టాలు కప్పుకుని గుడిసెలేసుకుంటారు. వాళ్ళొచ్చాక మాకు కూలి గిట్టట్లేదని ఊరి ఆడవాళ్ళు మా అమ్మతో గొడవపడటం చిన్నప్పుడు విన్నా. తక్కువ కూలికి పిలిపించుకున్న ఆసాములం మేము, తిట్లు మాత్రం ఆదోనోళ్ళకి.

అందుకే చెప్తున్నా, రేపు హెచ్ వన్, అంటే అక్కడ ఉద్యోగం చేసే వీసా, వచ్చినప్పుడు ఎల్‌సీఏలో, అంటే దానికోసం కంపెనీ అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే కాగితంలో, మీకు ఎంత జీతం రాశారో చూడండి, ఆ కాపీ పనిలో చేరే రోజుకల్లా మీ చేతికి ఇవ్వాల్సింది కంపెనీయే, ఇవ్వకపోతే అడగండి. అంతకన్నా తక్కువిస్తామంటే ఒప్పుకోవద్దు. లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమెలో పెట్టొద్దు. మీరు చవగ్గా దొరికితే అక్కడ ఇంకోడి సీటు పోద్ది, ఆ కోపం ఓటవుద్ది, ఓటు రూలవుద్ది. ఇప్పటికే ఉన్న రూల్స్ చూడండి, కంపెనీలకి ఏడాదికి 85,000 కొత్త హెచ్ వన్‌లే, ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు, 2025 సెప్టెంబరులో బయట్నుంచి వచ్చేవాళ్ళ కొత్త హెచ్ వన్ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. గ్రీన్‌కార్డులు ఏడాదికి ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదని లెక్క, 2014లో వేసినోళ్ళు కూడా ఇంకా క్యూలో ఉన్నారు. ఇదేం కొత్త కాదు, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో చేసినా సరే, 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వానికి పనికిరాడంది, 1946 దాకా మనవాళ్ళకి ఆ తలుపు తెరుచుకోలేదు. కాబట్టి దారి దొరికినోళ్ళు సిటిజన్‌షిప్ తీసుకోండి, తీసుకుని ఓటెయ్యండి, స్కూల్ బోర్డు ఎన్నికైనా సరే. పాతికేళ్ళు పన్నులు కట్టి మాట చెప్పలేని మనుషులుగా ఉండిపోవద్దు.

సిటిజన్‌షిప్ తీసుకున్న రోజు నాకు కష్టంగానే ఉంది, దాచను. మన పాస్‌పోర్ట్ క్యాన్సిల్ ముద్రతో తిరిగొచ్చింది, విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కానీ ఇక్కడ ఓటు లేదు, పొలం కొనకూడదు.

అప్పటిదాకా మాట్లాడని వాళ్ళమ్మ అప్పుడడిగింది, "అయితే వాళ్ళ నాన్న పొలం వీడికి రాదా అన్నయ్యా?"

వారసత్వంగా వచ్చేది వస్తుందమ్మా, కొనడమే కుదరదు అని చెప్పా. ఆవిడ లోపలికెళ్ళి అరిసెలు తెచ్చి పెట్టింది, కుర్రాడు ఫోన్ తీసి ఎల్‌సీఏ అంటే ఏంటో మళ్ళీ చెప్పమన్నాడు.